ట్రెబుల్‌కి అలవాటుపడ్డ యుఫోనియం చేతికి బేస్ క్లెఫ్ నేర్పడం ఎలా

యుఫోనియం (వాల్వులు నొక్కి ఊదే పెద్ద ఇత్తడి వాద్యం) ట్రెబుల్ క్లెఫ్‌లో నేర్చుకున్నవారి స్టాండు మీదికి ఏదో ఒకరోజు బేస్ క్లెఫ్ కాగితం వస్తుంది. క్లెఫ్ అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే, వరస మొదట్లో ఉండే గుర్తు. బ్రిటిష్ పద్ధతి బ్రాస్ బ్యాండులో బేస్ ట్రాంబోన్‌కి తప్ప మిగతా ఊదే వాద్యాలన్నిటికీ ట్రెబుల్‌లోనే రాస్తారు కాబట్టి అక్కడ పెరిగినవారికి ఇంకో క్లెఫ్‌తో పని పడదు. కాన్సర్ట్ బ్యాండులో, ఆర్కెస్ట్రాలో అలా కుదరదు. అమెరికా స్కూలు బ్యాండుల్లో ట్రంపెట్ వదిలి యుఫోనియం పట్టుకున్న మన పిల్లలకీ ఇదే ఇబ్బంది. మొదట్లో ట్రెబుల్ కాగితంతో సరిపెట్టినా, ఎప్పటికైనా బేస్ క్లెఫ్ చదవక తప్పదు.

ఈ పద్ధతి బి ఫ్లాట్ యుఫోనియం లేదా బారిటోన్ మీద ట్రెబుల్ బాగా చదవగలిగినవారి కోసం. రోజుకు పదిహేను నిమిషాల చొప్పున రెండు విడతలు, నాలుగు వారాలు పెట్టుకోండి. గంటసేపు ఒకే బిగిన కూర్చుంటే కళ్లు అలిసిపోయి పాత అలవాటుకే జారిపోతాయి. టెనర్ క్లెఫ్ కావలసినవారికీ, ఇ ఫ్లాట్ ట్యూబా వాయించేవారికీ దగ్గరి దారి ఉంది. అది చివర్లో.

మారేవి రెండు

ఒకటి, స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతల వరస) మీద స్వరం కూర్చునే చోటు. రెండోది, స్వరం పేరు. చోటు మారడం కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని మీదే కష్టపడతారు. నిజానికి ఎక్కువ తిప్పలు పెట్టేది పేరు.

ట్రెబుల్ కాగితంలో సి అని ఉంటే మీ యుఫోనియంలో పలికేది బి ఫ్లాట్ (బి కన్నా అర మెట్టు తక్కువ స్వరం). మన లెక్కలో ఆరున్నర శ్రుతి. పాడేవారు తమ శ్రుతి ఏదైనా ఆధార స్వరాన్ని ‘స’ అన్నట్టే, మీరు ఇన్నాళ్లూ వాల్వ్ నొక్కకుండా (ఓపెన్‌గా) పలికే ఆధార స్వరాన్ని సి అన్నారు. బేస్ క్లెఫ్‌లో ఆ వెసులుబాటు లేదు. హార్మోనియం మీద ఏ మెట్టు మోగుతుందో కాగితంలో ఆ పేరే ఉంటుంది. కాబట్టి మొట్టమొదట నోటికి ఎక్కాల్సిన మాట ఇది: నా ఓపెన్ స్వరం బి ఫ్లాట్. రోజూ వాద్యం చేతిలోకి తీసుకోగానే ఓపెన్‌గా మీ పాత సి ఊది, దాన్ని పైకి బి ఫ్లాట్ అని పిలవండి. పసితనంగా అనిపించినా మానకండి, మొదటి వారంలో సగం పని ఇదే చేస్తుంది.

ట్యూనర్ వాడేవారు యాప్ సెట్టింగుల్లో వాద్యం శ్రుతి సి అని ఉందో లేదో చూసుకోండి. ట్రంపెట్ కోసం బి ఫ్లాట్ అని పెట్టి ఉంటే మీరు బి ఫ్లాట్ ఊదినా తెర మీద సి అనే చూపిస్తుంది. ఒకపక్క పేరు మార్చుకుంటుంటే ఇంకోపక్క ట్యూనర్ పాత పేరే గుర్తుచేస్తుంది.

కాగితం చూసుకోవడం

కాన్సర్ట్ బ్యాండు సెట్లలో చాలావాటికి యుఫోనియం పార్టు రెండు రకాలుగా వస్తుంది. పైన ఎడమ మూలన వాద్యం పేరు పక్కన టి.సి. అని ఉంటే ట్రెబుల్, బి.సి. అని ఉంటే బేస్. రెండూ దొరికితే రెండూ తీసుకోండి. ఒకే సంగీతం రెండు క్లెఫ్‌లలో ఉండటం కన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు. బేస్ క్లెఫ్‌తో చదివాక, అనుమానం ఉన్న చోట మాత్రమే ట్రెబుల్ కాగితంతో సరిచూసుకోవచ్చు. వీటితోపాటు ఖాళీ స్టాఫ్ కాగితాలు, మెత్తటి పెన్సిలు, రబ్బరు, తాళం కొట్టే మెట్రోనోమ్ ఉంటే చాలు.

ఐదు గుర్తు స్వరాలు

గీతలూ వాటి మధ్య సందులూ కింది నుంచి పైకి లెక్కపెడదాం. బేస్ క్లెఫ్ గుర్తు పక్కన రెండు చుక్కలు ఉంటాయి. ఆ చుక్కల మధ్య నుంచి వెళ్లే నాలుగో గీత ఎఫ్. మీ వాద్యంలో అది ఓపెన్. అంటే క్లెఫ్ గుర్తే మీకొక ఓపెన్ స్వరాన్ని వేలుపెట్టి చూపిస్తోంది.

మిగతా ఓపెన్ స్వరాలు కూడా ముందే పట్టేయండి. రెండో గీత బి ఫ్లాట్, మీ పాత మధ్యస్థాయి సి ఇదే. నాలుగో గీత ఎఫ్, పాత జి. ఐదో గీతకు ఆనుకుని పైన ఉన్న సందు మళ్లీ బి ఫ్లాట్, పాత పై సి. మొదటి లెడ్జర్ గీత (స్టాఫ్ దాటాక వేసే చిన్న గీత) మీది సందు డి, పాత ఇ. రెండో లెడ్జర్ గీత మీది సందు ఎఫ్, పాత పై జి.

ఈ ఐదింటినీ స్టాఫ్ కాగితం మీద పెద్దగా రాసి, ఒక్కో స్వరం నాలుగు మాత్రల చొప్పున, మెట్రోనోమ్ 60 మీద ఊదండి. మొదటి రెండు రోజులు కింది నుంచి పైకి. మూడో రోజు నుంచి వరస చెదరగొట్టి రాసుకోండి. ఊదే ముందు ఆ స్వరాన్ని లోపల వినాలి, గొంతు కలిసొస్తే కూనిరాగం తీయాలి. ఎందుకో చూడండి.

రెండో గీత మీద ఒక స్వరం ఉంది. మీ కంటికి అలవాటు కొద్దీ అది జి. ట్రెబుల్‌లో జి కూడా ఓపెనే. వేళ్లు కదపాల్సిన పనే లేదు కాబట్టి వేళ్ల వైపు నుంచి ఏ హెచ్చరికా రాదు. పెదవులు మాత్రం పాత జి కోసం బిగుసుకుంటాయి. స పలకాల్సిన చోట ప పలుకుతుంది. స్టాఫ్ పైన ఉన్న బి ఫ్లాట్ దగ్గరా ఇదే జరుగుతుంది, అక్కడ ట్రెబుల్ జి కూడా ఓపెనే. మొదటి గీత కూడా అంతే. బేస్‌లో జి, ట్రెబుల్‌లో ఇ, రెండింటికీ ఒకటి, రెండు వాల్వులే. ఈ మూడు చోట్లా వేళ్లు సరిగ్గా ఉండగానే స్వరం తప్పుతుంది. చెవి ముందే సిద్ధంగా లేకపోతే మీరు పట్టుకోలేరు, పక్కన కూర్చున్నవారు పట్టుకుంటారు.

ఖాళీలు నింపడం

గుర్తు స్వరాలు తడుముకోకుండా వచ్చాక బి ఫ్లాట్ మేజర్ స్కేలు పూర్తి చేయండి. మన శంకరాభరణమే, ఆరున్నర శ్రుతిలో.

రెండో గీత, బి ఫ్లాట్: ఓపెన్
రెండో సందు, సి: 1, 3 (నాలుగో వాల్వ్ ఉంటే 4)
మూడో గీత, డి: 1, 2
మూడో సందు, ఇ ఫ్లాట్: 1
నాలుగో గీత, ఎఫ్: ఓపెన్
నాలుగో సందు, జి: 1, 2
ఐదో గీత, ఎ: 2
స్టాఫ్ పైన సందు, బి ఫ్లాట్: ఓపెన్

కిందికి దిగితే మొదటి సందు ఎ, రెండో వాల్వ్. మొదటి గీత జి, 1, 2. ఆ గీత కింద వేలాడే ఎఫ్‌కి 1, 3 లేదా 4. ఒకటి, మూడు కలిపి నొక్కితే గొట్టం పొడవు కాస్త చాలక శ్రుతి పైకి పోతుంది. నాలుగో వాల్వ్ ఉన్నవారు సి, ఎఫ్ రెండింటికీ అదే వాడటం మేలు. ట్రాంబోన్ వారికి పైన చెప్పిన ఎనిమిది స్వరాల పొజిషన్లు (స్లైడ్ జరిపే చోట్లు) వరసగా 1, 6, 4, 3, 1, 4, 2, 1.

దీన్ని మొదట ఊదకుండా సాధన చేయాలి. వాద్యం ఒళ్లో పెట్టుకుని స్వరాన్ని చూడండి, పేరు పైకి చెప్పండి, చెబుతూనే వాల్వ్ నొక్కండి. చూపు, పేరు, వేలు మూడూ ఒకే మాత్రలో పడాలి. పెదవులకి శ్రమ ఉండదు కాబట్టి ఎన్నిసార్లయినా చేయవచ్చు, అపార్ట్‌మెంట్లో రాత్రి పదింటికైనా చేయవచ్చు. మూడు నాలుగు రోజుల తరువాత పేరు చెప్పడం మానేసి చూపు నుంచి నేరుగా వేలికి వెళ్లండి. అసలు గమ్యం అదే. పేరు ఒక నిచ్చెన, బ్యాండు మాస్టారు “సి దగ్గర తగ్గించండి” అన్నప్పుడు అర్థం కావడానికి అది కావాలి. వాయించేటప్పుడు మాత్రం గీత చూడగానే వేలు పోవాలి.

చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నవారికి ఇక్కడ పెద్ద లాభం ఉంది. జంట స్వరాలు, అలంకారాలు ఈ స్కేలులో బేస్ క్లెఫ్‌లో మీ చేత్తో మీరే రాసుకోండి. చెవికి కంఠతా వచ్చిన వరసలు కాబట్టి ఒక్క స్వరం తప్పినా వెంటనే తెలుస్తుంది. రాయడం కూడా చదవడమంత పని చేస్తుంది. రోజుకు నాలుగు బార్లు (నిలువు గీతల మధ్య ఉండే ముక్కలు) రాస్తే చాలు. తరువాత అవే వరసలు మాయామాళవగౌళలో రాయండి. అప్పుడు రి స్థానంలో సి ఫ్లాట్ వస్తుంది, రెండో సందు, 1, 2, 3 లేదా 2, 4. ద స్థానంలో జి ఫ్లాట్ వస్తుంది, నాలుగో సందు, 2, 3. కీ సిగ్నేచర్‌లో (వరస మొదట్లోనే వేసే గుర్తుల్లో) లేని ఫ్లాట్లు చదవడానికి ఇంతకన్నా మంచి అభ్యాసం మనకి దొరకదు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. స్వరాల కింద స రి గ మ అని రాసుకోవద్దు. స కదులుతుంది, గీత కదలదు. పాట ఇ ఫ్లాట్‌కి మారిన రోజున ఆ రాత మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

ఫ్లాట్ల సంగతి

ట్రెబుల్‌లో మీకు ఒక్క గుర్తూ లేని సి మేజర్ పాట బేస్ క్లెఫ్‌లో రెండు ఫ్లాట్లతో ఎదురవుతుంది. ఎఫ్ మేజర్ అనుకున్నది మూడు ఫ్లాట్ల ఇ ఫ్లాట్ మేజర్ అవుతుంది. ఇన్నాళ్లూ గుర్తులు లేకుండా హాయిగా వాయించిన కన్ను ఆ ఫ్లాట్లని చూసీ చూడనట్టు దాటిపోతుంది. ఎక్కువగా చెడేవి మూడో సందులోని ఇ ఫ్లాట్, మొదటి సందులోనూ ఐదో గీత మీదా ఉండే ఎ ఫ్లాట్. ఇ ఫ్లాట్‌కి ఒకటో వాల్వ్, ఇ నేచురల్‌కి (ఫ్లాట్ లేని ఇ) రెండోది. ఎ విషయంలోనూ అంతే.

ఊదే ముందు ఐదు సెకన్లు కీ సిగ్నేచర్ మీద పెట్టండి. బేస్ క్లెఫ్‌లో మొదటి ఫ్లాట్ రెండో గీత మీద కూర్చుంటుంది, అంటే సరిగ్గా మీ ఓపెన్ బి ఫ్లాట్ మీద. రెండోది మూడో సందులో, మూడోది మొదటి సందులో, నాలుగోది మూడో గీత మీద. మొదటి ఫ్లాట్ ఎక్కడుందో చూడటం అలవాటైతే అది ప్రతి పాట మొదట్లో మీ ఇల్లు ఎక్కడో చూపిస్తూనే ఉంటుంది.

తప్పు ఏ జాతిదో చెవితో కనిపెట్టడం

ట్రెబుల్ నుంచి వచ్చినవారి తప్పులు ముఖ్యంగా రెండే జాతులు. అవి ఎటు తప్పాయో విని కారణం చెప్పవచ్చు.

పలికింది రావలసిన దానికన్నా ఒక స్వరం తక్కువగా ఉంటే పేరు దగ్గర జారారు. రెండో సందు సి అని కన్ను సరిగ్గానే చదివింది, చేయి మాత్రం పాత సి కోసం ఓపెన్ పట్టింది, బి ఫ్లాట్ పలికింది. దీనికి మందు చూపు, పేరు, వేలు అభ్యాసం.

పలికింది దాదాపు స-ప దూరం ఎక్కువగా ఉంటే కన్ను ట్రెబుల్‌లోకి వెళ్లిపోయింది. పాట మధ్యలో లెడ్జర్ గీతల మీద కాసేపు ఉండి స్టాఫ్‌లోకి తిరిగొచ్చే చోట ఇది ఎక్కువ. దీనికి మందు గుర్తు స్వరాలు. ఆ బార్‌లో మీకు తెలిసిన ఓపెన్ స్వరం ఏదుందో చూసుకుని అక్కడినుంచి మళ్లీ మొదలుపెట్టండి.

కొందరు ఒక లెక్క నేర్పుతారు: బేస్‌లో కనబడ్డ స్వరాన్ని రెండు గీతలు కిందికి దించి ట్రెబుల్‌గా చదువుకో, రెండు ఫ్లాట్లు తీసెయ్ అని. లెక్క తప్పు కాదు. ఒక్క స్వరాన్ని సరిచూసుకోవడానికి బాగానే పనికొస్తుంది. దాంతోనే వాయించడం మొదలుపెడితే నిదానమైన పాటల్లో నెగ్గుకొస్తారు, 120 వేగంలో ఎనిమిదో వంతు స్వరాలు వచ్చేసరికి చేతులెత్తేస్తారు. పైగా ఆర్నెల్లు గడిచినా బేస్ క్లెఫ్ రాదు, లెక్క మాత్రమే వేగంగా వస్తుంది.

స్వరాల కింద పేర్లు రాసుకోవడం ఇంకా నష్టం. అక్షరం రాసి ఉంటే కన్ను అక్షరాన్నే చదువుతుంది, స్వరం వైపు చూడదు. మరీ మొండిగా తప్పుతున్న స్వరం మీద పెన్సిలుతో వాల్వ్ నంబరు ఒక్కటి వేసుకోండి. మర్నాడు సాధన మొదలుపెట్టే ముందు దాన్ని చెరిపేయండి.

మూడో వారం: ఆగకుండా చదవడం

ఇక్కడినుంచి రోజూ ఎప్పుడూ చూడని ఎనిమిది బార్లు కావాలి. మీ స్థాయికన్నా రెండు మెట్లు తేలికైనవి తీసుకోండి. ట్రెబుల్‌లో ఎంత కష్టమైనవి వాయించగలరో ఇప్పుడు అనవసరం. చెల్లో, బసూన్, ట్రాంబోన్ తొలి పాఠాల పుస్తకాలు ఏవైనా పనికొస్తాయి. మూడూ అసలు శ్రుతిలో బేస్ క్లెఫ్‌లోనే ఉంటాయి. చెల్లో పుస్తకాల్లో షార్పులు (స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తులు) ఎక్కువ ఉంటాయి కాబట్టి వాటిని ఆఖర్న పట్టుకోండి.

మెట్రోనోమ్ 50 లేదా 60. కీ సిగ్నేచర్ చూడండి, ఓపెన్ స్వరాలు ఎక్కడున్నాయో ఒకసారి కళ్లతో తిరగండి, మొదలుపెట్టండి. తప్పు వస్తే ఆగొద్దు, వెనక్కి వెళ్లొద్దు, తాళం వదలొద్దు. ఎనిమిది బార్లూ అయ్యాక తప్పిన చోట చిన్న టిక్కు పెట్టి, ఆ చోటు మాత్రం నాలుగుసార్లు ఊదకుండా వేళ్లతో చేసి, మళ్లీ మొదటినుంచి ఒక్కసారి వాయించి కాగితం పక్కన పెట్టేయండి. మూడోసారి వాయిస్తే అది చదవడం కాదు, గుర్తుపెట్టుకోవడం అవుతుంది. చెవి చురుకైనవారికి ఈ బెడద మరీ ఎక్కువ. రెండుసార్లు వింటే పాట వచ్చేస్తుంది, కళ్లు సెలవు తీసుకుంటాయి.

స్టాఫ్ పైన మొదటి లెడ్జర్ గీత సి, ఒకటో వాల్వ్. రెండోది ఇ, ఫ్లాట్ అయితే 1, నేచురల్ అయితే 2. యుఫోనియం పార్టుల్లో అందమైన పాటలన్నీ ఇక్కడే తిరుగుతాయి కాబట్టి ఈ రెండు గీతలకీ విడిగా రెండు రోజులు ఇవ్వండి. స్టాఫ్ కింద మొదటి లెడ్జర్ గీత మీది ఇ ఫ్లాట్ మూడు వాల్వుల వాద్యంలో మామూలుగా పలకదు. నాలుగో వాల్వ్ ఉంటే 1, 4.

నాలుగో వారం రెండు క్లెఫ్‌లూ కలపండి. ఒక వరస ట్రెబుల్, ఒక వరస బేస్, మధ్యలో ఊపిరి తీసుకునేంత విరామం. బేస్ వస్తున్న కొద్దీ ట్రెబుల్ తడబడితే భయపడకండి. కొత్తది పాతదాన్ని కొన్నాళ్లు కదిలిస్తుంది. రోజూ ఐదు నిమిషాలు ఇలా అటూ ఇటూ మారుతుంటే రెండూ వేటి గూట్లో అవి కుదురుకుంటాయి.

టెనర్ క్లెఫ్: చోటు మారదు

టెనర్ క్లెఫ్‌లో మధ్య సి నాలుగో గీత మీద ఉంటుంది. బి ఫ్లాట్ ట్రెబుల్ చదివేవారికి ఇది వరం లాంటిది. స్టాఫ్ మీద స్వరం ఉన్న చోటు, పట్టే వాల్వ్ రెండూ ట్రెబుల్‌లో ఉన్నట్టే ఉంటాయి, కీ సిగ్నేచర్ మాత్రం రెండు ఫ్లాట్లు పెరుగుతుంది. మూడో సందు తీసుకోండి. మీకు అది సి, ఓపెన్, పలికేది బి ఫ్లాట్. టెనర్‌లో ఆ సందు పేరు బి, ఫ్లాట్ కలిస్తే అదే స్వరం. కాబట్టి కాగితంలో ఉన్న ఫ్లాట్లలో రెండు తీసేసి ట్రెబుల్‌లాగే చదవండి. రెండు లేకపోతే తీసేయలేనన్ని షార్పులు కలపండి: ఒక్క ఫ్లాటే ఉంటే ఒక షార్పు, ఏమీ లేకపోతే రెండు.

చిక్కంతా మధ్యలో వచ్చే గుర్తుల దగ్గర. బి, ఇ చోట్లలో నేచురల్ కనిపిస్తే మీ లెక్కలో అది షార్పు. అవే చోట్ల ఫ్లాట్ కనిపిస్తే మీకు నేచురల్. మిగతా ఐదు స్వరాలకీ గుర్తు ఎలా ఉంటే అలాగే.

బేస్ క్లెఫ్‌తోనే మొదలుపెట్టిన ట్రాంబోన్ వారికి ఈ దారి పనికిరాదు. వారికి టెనర్‌లోని ప్రతి చోటూ బేస్‌లో ఉన్నదానికన్నా స-ప దూరం పైన ఉంటుంది. అయినా దీన్ని ఎందుకు వాడతారంటే, స్టాఫ్ పైన సందులోని బి ఫ్లాట్‌కన్నా ఒక స్థాయి పైన ఉండే బి ఫ్లాట్ రాయడానికి బేస్‌లో నాలుగు లెడ్జర్ గీతలు కావాలి, టెనర్‌లో రెండు చాలు. రావెల్ బొలెరోలో ట్రాంబోన్ సోలో ఆ పై బి ఫ్లాట్ దగ్గరే మొదలవుతుంది, దాన్ని టెనర్ క్లెఫ్‌లోనే చదవాలి.

ఇ ఫ్లాట్ ట్యూబా వారికి

ట్రెబుల్‌లో నేర్చుకున్న ఇ ఫ్లాట్ ట్యూబా వారికి బేస్ క్లెఫ్ ఇంకా దగ్గర. చోటూ అదే, వాల్వూ అదే, స్థాయీ అదే. ఫ్లాట్లు మాత్రం మూడు ఎక్కువ. ట్రెబుల్ మూడో సందు సి మీకు ఓపెన్, పలికేది ఇ ఫ్లాట్. బేస్ క్లెఫ్ మూడో సందు పేరు ఇ. గుర్తులు తారుమారయ్యేవి బి, ఇ, ఎ చోట్లలో. అక్కడ నేచురల్ ఉంటే షార్పుగా, ఫ్లాట్ ఉంటే నేచురల్‌గా పట్టుకోవాలి.

ఈ సులువులో ఒక ప్రమాదం ఉంది. వేళ్లు తప్పవు కాబట్టి పేర్లు నేర్చుకోకుండానే ఏళ్లు గడిచిపోతాయి. రిహార్సల్లో “ట్యూబాలు, ఆ ఇ ఫ్లాట్ ఎక్కువగా ఉంది” అన్నప్పుడు ఏ స్వరమో తెలియక చూస్తుండిపోతారు. అందుకని ఇ ఫ్లాట్ ట్యూబా వారు కూడా చూపు, పేరు, వేలు అభ్యాసం ఒక పది రోజులు చేయాలి. మొదటి మాట మాత్రం వేరు: నా ఓపెన్ స్వరం ఇ ఫ్లాట్.